నోటీసు అందని వారసులు

స్త్రీల ఆస్తి హక్కు చరిత్ర చెప్పమంటే మనం సంవత్సరాలు ఏకరువు పెడతాం. 1937, 1956, 1985, 2005. పాఠ్యపుస్తకాల్లోనూ, సభల్లోనూ అంతే. తెనాలిలోనో, బాపట్లలోనో, రేపల్లెలోనో కోర్టు వరండాలో కూచున్న ఆడవాళ్ళనడిగితే ఈ సంవత్సరాలేవీ చెప్పరు. ‘మా నాన్న వీలునామా రాశాడంట’, ‘అన్నయ్య సంతకం పెట్టమన్నాడు, పెట్టాను’, ‘పసుపు కుంకుమకిచ్చిన పొలమే, కాగితం లేదు’ అంటారు. వాళ్ళు చెప్పేది కాగితం చరిత్ర. చట్టసభల చరిత్ర కంటే ఈ కాగితం చరిత్రే మన తల్లుల్నీ, అమ్మమ్మల్నీ ఎక్కువగా నడిపించిందని నా నమ్మకం. ఆ చట్టాలు ఈ మూడు ఊళ్ళకు వచ్చాక ఏమయ్యాయో ఒకసారి చూద్దామని ఈ ప్రయత్నం.

మూడూ కృష్ణ పడమటి డెల్టా ఊళ్ళు. 1850లలో బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టి కాలవలు తవ్వాక మెట్ట మాగాణి అయింది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పటి నుంచీ మూడూ ఆ జిల్లాలోనే ఉండేవి. 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా కేంద్రమైంది, రేపల్లె దానితో వెళ్ళింది, తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. జిల్లాలు మారినా దావాల తీరు మారలేదు. ఎకరానికి ధర పలికే చోట అన్నదమ్ముల తగాదాలుంటాయి. అన్నదమ్ముల తగాదాలున్న చోట ఆడపిల్ల సంతకం అవసరం పడుతుంది, ఆడపిల్ల మాత్రం అవసరం పడదు.

మొదట ప్రొబేటు సంగతి చెప్పాలి. ఒక మనిషి వీలునామా రాసి చనిపోతే, అది నిజమైన వీలునామాయేనని కోర్టు పరిశీలించి ధ్రువీకరించడం ప్రొబేటు. ఆ పని చేసేముందు కోర్టు చనిపోయినవాడి దగ్గరి బంధువులకు కబురు పంపుతుంది. ఆసక్తి ఉన్నవాళ్ళు వచ్చి చూసుకోండి, అభ్యంతరముంటే చెప్పండి అంటుంది. ఆ బంధువుల్లో కూతుళ్ళూ ఉంటారు. అంటే ప్రొబేటు ఉన్నచోట తండ్రి తనకేం రాశాడో, రాయలేదో కూతురికి కనీసం ఒకసారి అధికారికంగా తెలుస్తుంది.

మన ఊళ్ళలో ఆ తెలియడమే లేదు. 1870 నాటి హిందూ వీలునామాల చట్టం బెంగాల్‌కూ, మద్రాసు, బొంబాయి నగరాలకూ మాత్రమే వర్తించింది. 1925 నాటి భారత వారసత్వ చట్టం 57, 213 సెక్షన్లలో అదే గీతను అలాగే ఉంచింది. మద్రాసు జార్జిటౌన్‌లో ఇల్లున్న తెలుగు షావుకారు వీలునామాకు ప్రొబేటు తప్పనిసరి. తెనాలిలో నలభై ఎకరాలున్న రైతు వీలునామాకు అక్కర్లేదు. నగరాల్లో వర్తకుల మధ్య లావాదేవీలు తేలాలి కాబట్టి దొరలకు అక్కడ పద్ధతి కావలసి వచ్చింది. పల్లెటూళ్ళలో హిందువుల ఇంటి వ్యవహారం హిందువులే చూసుకుంటారనుకున్నారు. ఇంటి వ్యవహారం అంటే ఎవరు చూసుకుంటారో మనకు తెలుసు. నగరాల వాళ్ళకు ఈ ఖర్చూ, కాలయాపనా ఎందుకని 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ 213వ సెక్షన్‌నే తీసేసింది. ఇక ఎక్కడా తప్పనిసరి కాదు. సమానత్వం ఇలా కూడా వస్తుంది: మనకు లేనిది వాళ్ళకూ లేకుండా పోవడం.

ఇందులో ఒక విచిత్రముంది. తండ్రి పేర బ్యాంకులో పెద్ద మొత్తం మిగిలిపోయి, నామినీ లేకపోతే, ఆ డబ్బు తీసుకోవడానికి కోర్టు ఇచ్చే వారసత్వ ధ్రువపత్రం అడగవచ్చు. ఆ పిటిషన్‌లో దగ్గరి బంధువులందరి పేర్లూ చూపాలి, వాళ్ళకు నోటీసు వెళ్ళాలి. అదే తండ్రి పది ఎకరాల మాగాణి కొడుకులకు రాసి బీరువాలో పెట్టి పోతే ఎవరికీ నోటీసు అక్కర్లేదు. కూతురు దావా వేస్తే అప్పుడు ఆ వీలునామా బయటికి వస్తుంది. సాక్షుల్లో ఒకరినైనా కోర్టుకు తెచ్చి రుజువు చేయాలి, నిజమే. కానీ దావా వేయాలంటే పుట్టింటి గడప వదులుకోవాలి. వేసేవాళ్ళెంతమంది?

వెనక్కి వెడదాం. రేపల్లె నుంచి పెనుమూడి దగ్గర కృష్ణ దాటితే దివిసీమ, దాని పక్కనే బందరు. ఆ బందరు కలెక్టరు ఒక పక్షంగా ప్రీవీ కౌన్సిల్ దాకా పోయిన కేసు ఒకటుంది. 1860-61లో తీర్పులొచ్చాయి. వారసులెవరూ లేని ఒక బ్రాహ్మణ జమీందారు పోయాడు. భార్య జమీ అనుభవించింది, అప్పులు చేసింది, ఆమె కూడా పోయింది. వారసులు లేరు కనక ఆస్తి సర్కారుదన్నాడు కలెక్టరు. అప్పిచ్చిన కావలి వెంకట నారాయణప్ప తన బాకీ మాటేమిటన్నాడు. బ్రాహ్మడి ఆస్తి రాజుకు చెందకూడదని స్మృతులు చెబుతున్నాయన్న వాదన కూడా వచ్చింది. ప్రీవీ కౌన్సిల్ దాన్ని కొట్టేసింది. మనకు ముఖ్యమైనది రెండో మాట. వితంతువు ఆస్తి అమ్ముకోకూడదన్న ఆంక్ష తరువాతి వారసుల మేలు కోసం పెట్టింది కదా, వారసులే లేనప్పుడు ఆంక్ష ఎందుకు? అన్నది ప్రశ్న. కాదు, ఆ ఆంక్ష ఆమె హక్కులోనే పుట్టుకతో ఉంది, వారసులు ఉన్నా లేకపోయినా అది ఉంటుంది అన్నారు. ఎవరి ప్రయోజనం కోసమో చెప్పలేని ఆంక్ష! కాపాడవలసిన మగవాడు ఒక్కడూ మిగలకపోయినా ఆమెకు పూర్తి హక్కు లేదు. ఆ తర్వాత దాదాపు నూరేళ్ళు మన వితంతువులు ‘పరిమిత హక్కు’ అనే ఈ తాడు చివర బతికారు. వాళ్ళు ఎకరం అమ్మితే భర్త తరఫు దాయాదులు రివర్షనర్లమంటూ దావా వేసేవాళ్ళు. ఎందుకమ్మావు, తీర్థయాత్రకా, పిల్ల పెళ్ళికా, అవసరం నిజమేనా అని ముసలమ్మను కోర్టులో నిలబెట్టి అడిగేవాళ్ళు.

కూతుళ్ళ సంగతి వేరు. వాళ్ళకు డెల్టాలో ఒక ఆచారం ఉండేది. పెళ్ళిలో పసుపు కుంకుమ కింద ఎకరమో, అరెకరమో ఇవ్వడం. ఇది కట్నం కాదు, పిల్ల పేర ఉండేది, పిల్లదే. దీని మీద మద్రాసు హైకోర్టులో సుందరరామయ్య, సీతమ్మల కేసు ఒకటుంది, 1911 నాటిది. రెండు వందల ఎకరాలున్న కుటుంబంలో తండ్రి కూతురికి ఎనిమిది ఎకరాలిచ్చాడు. పెళ్ళయిన నలభై ఏళ్ళకు ఇచ్చాడు! పిత్రార్జితంలోంచి అలా ఇవ్వడానికి అతనికి హక్కు లేదన్నది తగాదా. మన్రో, శంకరన్ నాయర్ అనే ఇద్దరు జడ్జీలు ఆ దానం చెల్లుతుందన్నారు. పెళ్ళినాడే ఇవ్వాలని లేదు, తండ్రికి కూతురి పట్ల ఉన్న బాధ్యత పెళ్ళితో అయిపోదు అన్నట్టుగా ఉంటుంది ఆ తీర్పు సారాంశం. ఎనిమిది ఎకరాల వెనక నలభై ఏళ్ళు కూతురు ఏం అడిగిందో, తండ్రి ఏం ఆలోచించాడో తీర్పు చెప్పదు. నాకు మాత్రం ఆ నలభై ఏళ్ళ మీదే మనసు పోతుంది.

ఈ 1911 తీర్పును 1963లో సుప్రీంకోర్టు గురమ్మ కేసులో ఆదరంగా ఎత్తుకుంది. కన్నడ దేశపు కుటుంబం కేసు అది. తీర్పు రాసినాయన కోకా సుబ్బారావు. ఒకప్పుడు కూతురికీ పంపకంలో వాటా ఉండేది, కాలక్రమంలో ఆ హక్కు పోయి నైతిక బాధ్యతగా మిగిలింది, అందుకని ఆస్తిని బట్టి సమంజసమైన మేరకు తండ్రి కూతురికి పిత్రార్జితంలోంచి ఇవ్వవచ్చు అన్నాడు. 1966లో దేశ ప్రధాన న్యాయమూర్తి అయిన ఈ సుబ్బారావు ఉద్యోగ జీవితం మొదట్లో కొద్ది నెలలు బాపట్లలో జిల్లా మునసబుగా పనిచేశాడు. పసుపు కుంకుమ పొలాల తగాదాలు అక్కడ విన్నాడో లేదో రుజువు లేదు గానీ, బాపట్లలో మునసబుగా ఉండి అలాంటిది ఒక్కటీ వినకుండా ఉండటం కష్టమే.

ఇంతవరకూ బాగానే ఉంది. హక్కు ఉందన్నారు. కానీ రుజువేది? 1882 ఆస్తి బదలాయింపు చట్టం 123వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తి దానం చేయాలంటే రిజిస్టరు దస్తావేజు ఉండాలి, ఇద్దరు సాక్షులుండాలి. పందిట్లో నలుగురి మధ్యా ‘పిల్లకు కాలవ కింద ఎకరం’ అని తండ్రి అన్న మాటకు విలువ లేదు. పసుపు కుంకుమ కూడా దానమే కనక రిజిస్ట్రేషన్ తప్పదని మన హైకోర్టూ తేల్చింది. పన్నెండేళ్ళ పైబడి తనదేనని పొలాన్ని చేతిలో ఉంచుకుని దున్నించుకుంటే అప్పుడు వేరే దారి ఉంది. చేతిలో ఉంచుకునేదెవరు? పిల్ల అత్తగారింటికి పోతుంది. పొలం అన్న కౌలుకు చేస్తాడు. సంక్రాంతికి రెండు బస్తాల బియ్యం వస్తాయి. నాలుగేళ్ళకు ఒక బస్తా అవుతుంది. తండ్రి పోయాక పట్టాదారు పాస్‌పుస్తకం అన్న పేర వస్తుంది.

ఇక్కడే నాకు ఆగి చెప్పాలనిపించే మాట ఒకటుంది. హిందూ ఉమ్మడి కుటుంబంలో అన్నదమ్ములు నోటిమాటతో పంచుకుంటే ఆ పంపకం చెల్లుతుంది. కాగితం అక్కర్లేదు. గట్టు వేసుకుని ఎవరిది వాళ్ళు దున్నుకుంటే చాలు. ఉన్న హక్కునే విడదీసుకుంటున్నారు, కొత్తగా ఎవరికీ ఇవ్వడం లేదు కదా అంటుంది న్యాయశాస్త్రం. కూతురికి మాత్రం ‘కొత్తగా ఇవ్వాలి’, కనక కాగితం కావాలి. ఒకే పందిరి కింద, ఒకే తండ్రి నోట వచ్చిన రెండు మాటల్లో మగపిల్లాడికి చెప్పింది నిలిచింది, ఆడపిల్లకు చెప్పింది నిలవలేదు. వాళ్ళిద్దరికీ మధ్య ఉన్న తేడా ఇంకెక్కడా ఇంత స్పష్టంగా కనబడదు.

బాపట్ల అన్నాం కనక కనుపర్తి వరలక్ష్మమ్మను తలుచుకోకుండా పోలేం. 1896లో అక్కడే పుట్టింది. 1931లో అక్కడే స్త్రీల కోసం హితైషిణీ మండలి పెట్టింది. ‘గృహలక్ష్మి’ పత్రికలో ‘శారద లేఖలు’ రాసింది. స్నేహితురాలికి ఉత్తరాలు రాసినట్టు శారదా చట్టం, విడాకులు లాంటి విషయాలు అందులో చర్చకు పెట్టింది. ఆ ఉత్తరం అనే రూపం ఎందుకు ఎంచుకుంది? సాహిత్య విమర్శకులు శైలి గురించి చెబుతారు. చట్టం గురించి ఆడవాళ్ళకు ఎవరూ నోటీసు పంపని కాలంలో ఆవిడ నెలనెలా నోటీసులు పంపిందని నాకనిపిస్తుంది. ఢిల్లీలో బిల్లు పెట్టారట, మనకేమిటి సంబంధం? అనే గృహిణికి పోస్టులో ఇంటికే వచ్చిన నోటీసులు.

ఆ బిల్లుల్లో ముఖ్యమైనది 1937లో చట్టమైంది. వితంతువుకు భర్త వాటాలో హక్కు ఇచ్చింది, అదీ పరిమిత హక్కే. కూతురి ఊసు లేదు. 1941లో ఫెడరల్ కోర్టు అది వ్యవసాయ భూమికి వర్తించదంది. వ్యవసాయ భూమి రాష్ట్రాల పరిధిలోది కాబట్టి. రేపల్లె తాలూకాలో వ్యవసాయ భూమి తీసేస్తే ఇంకేముంటుంది? చివరికి 1947లో మద్రాసు శాసనసభ చట్టం చేసి పొలాలకూ వర్తింపజేసింది. ఆ పదేళ్ళలో భర్తలు పోయిన మన డెల్టా వితంతువులకు చట్టం ఉండీ లేనట్టే.

1956 చట్టం వచ్చింది. స్త్రీ చేతిలో ఉన్న ఆస్తి ఇక పరిమితం కాదు, సంపూర్ణం అంది 14వ సెక్షన్. బందరు తాడు తెగింది. కానీ అదే సెక్షన్‌లో రెండో ఉపసెక్షన్ ఉంది: దానపత్రమో, వీలునామాయో, కోర్టు డిక్రీయో ఆమెకు పరిమితంగానే ఇస్తే పరిమితమే. ఈ రెండింటి మధ్య ఇరుక్కున్న మనిషి గుంటూరు జిల్లా దాటి దక్షిణాన నెల్లూరు జిల్లా తులశమ్మ. భర్త 1931లో పోయాడు. మరిది శేషారెడ్డి మీద 1944లో మనోవర్తి దావా వేసింది. గెలిచింది. 1949లో రాజీ అయి, కొంత ఆస్తి ఆమెకు బతికినంతకాలం అనుభవించమని ఇచ్చారు, అమ్మే హక్కు లేకుండా. 1960, 61లలో ఆమె కొంత కౌలుకిచ్చింది, కొంత అమ్మింది. మరిది దావా వేశాడు. హైకోర్టు మరిదివైపు నిలిచింది. 1977 మార్చి 17న సుప్రీంకోర్టు తులశమ్మ పక్షాన తీర్పిచ్చింది. మనోవర్తి ఆమెకు ఎవరో దయతో ఇచ్చేది కాదు, ముందునుంచీ ఉన్న హక్కు, దాని బదులు వచ్చిన ఆస్తి కాబట్టి సంపూర్ణమే అంది. దేశమంతా ఇప్పటికీ ఉదహరించే తీర్పు. దానికి ఆ మనిషి పెట్టిన ఖర్చు ముప్ఫై మూడేళ్ళు. అయినా తగవు తీరలేదు. ఆ రెండు ఉపసెక్షన్ల మీద పొంతనలేని తీర్పులు పేరుకుపోయాయని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు విషయాన్ని పెద్ద బెంచికి పంపింది.

1956 చట్టం గురించి మనం తక్కువగా మాట్లాడుకునేది 30వ సెక్షన్. అంతకు ముందు ఉమ్మడి కుటుంబంలో మగవాడు తన విభజన కాని వాటాను వీలునామాతో రాయలేడు. 1874లో మద్రాసు హైకోర్టు యమునమ్మ కేసులోనే ఆ మాట తేల్చింది. 1956లో ఆ వాటాను రాసుకోవచ్చన్నారు. అదే చట్టం ఆ వాటాలో కూతురికీ భాగముందంది. ఒక చేత్తో ఇచ్చింది, ఇవ్వకుండా ఉండే ఉపాయం తండ్రి చేతికి అందించింది. వీలునామా రాయడం అంతకుముందు జమీందార్ల, షావుకార్ల పని. దాన్ని మామూలు రైతు ఇంటికి తెచ్చింది కూతురి వాటాయే.

ఆ వీలునామాల భాష మీద ఎవరైనా పని చేస్తే బాగుండును. మన ఇళ్ళల్లో బీరువా తీసి ఏ ఒక్కటి చదివినా ఒకటే అచ్చు. స్వస్థచిత్తంతో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా రాస్తున్నానంటాడు. తర్వాత, ఆడపిల్లలకు ఇవ్వవలసినది పెళ్ళిళ్ళలోనే ఇచ్చి పంపి ఉన్నాను గనుక వారికి ఎట్టి హక్కూ లేదంటాడు. ఏమిచ్చాడో, ఎంతిచ్చాడో ఒక్క అంకె ఉండదు. పొలానికి మాత్రం సర్వే నంబరు, నాలుగు హద్దులూ, సెంట్లతో సహా ఉంటాయి. తర్వాత భార్య వస్తుంది. ఆమె యావజ్జీవం అనుభవించి, తదనంతరం కొడుకులు అనుభవించాలంటాడు. ఆ ఒక్క వాక్యంతో ఆమెను 1956కు ముందుకు తోసేస్తాడు. చివరికి కొడుకులు ఎలా అనుభవించాలి? పుత్రపౌత్ర పారంపర్యంగా, దాన విక్రయాది సర్వ హక్కులతో. ఆ సమాసంలో కూతురికి చోటే లేదు. వ్యాకరణమే ఆమెను బయట నిలబెట్టింది.

వారసురాలిగా పనికిరాని ఆడవాళ్ళు సీలింగు వచ్చినప్పుడు పనికొచ్చారు. 1973 భూసంస్కరణల చట్టం 1975 జనవరి 1 నుంచి అమలైంది. డెల్టాలో ఆడవాళ్ళ పేర ఉన్నట్టుండి పొలాలు పుట్టుకొచ్చాయి. దస్తావేజులో పేరు ఆమెది, నాగలి అతనిది. ఆ చట్టానికి తర్వాత చేర్చిన 4-ఎ సెక్షన్ చూడండి. భూమి లేని, లేదా తక్కువున్న మేజరు కొడుకులుంటే తండ్రి ఉంచుకోగల విస్తీర్ణం పెరుగుతుంది. మేజరు కూతురుంటే పెరగదు. దున్నేవాడికి భూమి అన్నప్పుడు ‘వాడు’ అన్న మాట ఊతపదం కాదని ఆ సెక్షన్ చదివాకే బోధపడుతుంది.

ఇదంతా హిందూ కులాల, అందులోనూ భూమి ఉన్న కులాల కథ. ఇదే చరిత్ర అంటే అబద్ధమవుతుంది. ఈ మూడు తాలూకాల్లో మిషన్లు బాగా పనిచేసిన పల్లెలున్నాయి. క్రైస్తవులకు 1865 వారసత్వ చట్టం వర్తించింది. అందులో కొడుకూ కూతురూ సమానం. అంటే రేపల్లె వైపు ఒక మాల, మాదిగ క్రైస్తవ కుటుంబంలో కూతురికి, పక్కనే ఉన్న చౌదరిగారి అమ్మాయి కంటే నూట ఇరవై ఏళ్ళ ముందే చట్టం ప్రకారం సమాన వాటా ఉంది. వాటా వేసుకోవడానికి పొలం లేదు, అంతే తేడా! హక్కు ముందు వచ్చినవాళ్ళకు ఆస్తి రాలేదు, ఆస్తి ఉన్నవాళ్ళకు హక్కు రాలేదు. ముస్లిం స్త్రీలకు 1937 షరియత్ చట్టంలో వ్యవసాయ భూమి మినహాయించారు. 1949లో మద్రాసు రాష్ట్రం ఆ మినహాయింపు తీసేసింది. కొడుకు వాటాలో సగం ఆమెకు ఎప్పటినుంచో మతధర్మంలో ఉన్నదే. అదీ అన్నల దగ్గరే ఉండిపోయిన ఇళ్ళు నాకు తెలుసు.

1985 మనదే. ఎన్.టి.రామారావు ప్రభుత్వం చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి కూతుళ్ళను ఉమ్మడి కుటుంబంలో కొడుకులతో సమానంగా వాటాదార్లను చేసింది. దేశానికంటే ఇరవై ఏళ్ళు ముందు. (సినిమాల్లోకి పోకముందు ఆయన గుంటూరు జిల్లాలోనే సబ్‌రిజిస్ట్రారుగా చేరి మూడు వారాల్లో మానేశాడు. ఇంకొన్నాళ్ళు ఆ కుర్చీలో ఉండి ఉంటే ఆడవాళ్ళ వేలిముద్రల గురించి ఆయనకింకా తెలిసేది.) కానీ ఆ తేదీకి ముందే పెళ్ళయిన కూతుళ్ళకు వర్తించదన్నారు. మా బంధువుల్లో ఇద్దరు అక్కచెల్లెళ్ళున్నారు. అక్క పెళ్ళి ఆ ఏడు వేసవిలో జరిగింది, చెల్లెలిది మరుసటి ఏడు. ఒక తల్లి కడుపున పుట్టిన ఇద్దరిలో ఒకరు వాటాదారు, ఒకరు చుట్టం. 2005 కేంద్ర సవరణ ఈ తేడా తీసేసింది. నివాసపు ఇంట్లో కూతురు పంపకం అడగకూడదన్న 23వ సెక్షన్‌నూ తీసేసింది. 2020లో వినీతా శర్మ తీర్పు, ఈ హక్కు పుట్టుకతో వచ్చేదేననీ, 2005 నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదనీ తేల్చింది. నోటిమాట పంపకం అయిపోయిందని అన్నదమ్ములు చెప్పే సాకును ఇక అంత తేలిగ్గా నమ్మకూడదని కూడా అంది. వందేళ్ళ తర్వాత నోటిమాటకు అక్కడా కాగితం అడిగారన్నమాట. ఆ పేరా చదువుతుంటే నాకు చిన్నపిల్లలా సంతోషం వేసింది.

తీర్పుల వెనకే హక్కు విడుదల పత్రాలు వచ్చాయి. ఇప్పుడు కూతుళ్ళను వదిలేసి అమ్మితే కొనేవాడు ఒప్పుకోడు. కాబట్టి ఆమెను కారులో తీసుకొస్తారు. చీర పెడతారు. దావా దాకా పోతే లోక్ అదాలత్ ఉంది. హెల్మెట్ లేకుండా బండి నడిపిన కేసూ, చెల్లని చెక్కు కేసూ, అక్కచెల్లెళ్ళ పంపకం దావా అన్నీ ఒకే రోజు రాజీకి కూచుంటాయి. బండివాడు జరిమానా కట్టి పోతాడు, అది సబబే. ఈమె ఆరెకరాల వాటాకు బదులు ఎంతో కొంత డబ్బు పుచ్చుకుని పోతుంది. లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు లేదు. కేసులు తగ్గాయని లెక్క చెబుతారు. ఆమె ఏం వదులుకుందో ఏ లెక్కలోనూ ఉండదు. పుట్టిల్లు ఉండాలి కదా అంటుంది ఆమె. ఆ మాటను మనం వెక్కిరించకూడదు. భర్త కొడితే వెళ్ళి తలదాచుకోవడానికి ఉన్న ఒకే ఒక చోటు అది. దాని ఖరీదు ఎకరాల్లో కడుతోంది.

నా మేనత్త పంతులమ్మగా పనిచేసి రిటైరైంది. చిన్నప్పుడే భర్త పోయాడు, పిల్లల్లేరు. అత్తగారివైపు వాళ్ళు కర్మకాండ అయ్యాక మళ్ళీ ముఖం చూడలేదు. జీతంలో దాచి ఐదు సెంట్ల స్థలం కొని, రెండు గదులు వేసుకుంది. 2009లో సుప్రీంకోర్టు నుంచి ఓంప్రకాశ్ కేసు తీర్పు వచ్చింది. పెళ్ళయిన మూడు నెలలకే వితంతువై, అత్తవారు వెళ్ళగొడితే పుట్టింటివాళ్ళు చదివించగా, ఉద్యోగం చేసి సంపాదించిన నారాయణీదేవి అనే ఆమె ఆస్తి, వీలునామా లేదు కనక అత్తగారి వాళ్ళకే పోయింది. 15వ సెక్షన్ అలా ఉంది: పిల్లలూ భర్తా లేని స్త్రీ పోతే ఆస్తి మొదట భర్త వారసులకు, వాళ్ళు లేకపోతేనే ఆమె తల్లిదండ్రులకు. తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చినదానికి మినహాయింపు ఉంది గానీ, సొంత సంపాదనకు లేదు. దానంగా వచ్చిన పసుపు కుంకుమకూ లేదు. ఈ సంగతి చెప్పాను. మేనత్త చాలాసేపు మాట్లాడలేదు. ‘అంటే ముప్ఫయ్యేళ్ళు నేను బళ్ళో అరిచి అరిచి సంపాదించింది, మా ఆయన అన్న మనవడెవడో తాళం పగలగొట్టుకుని తీసుకుంటాడా?’ అంది. మర్నాడే పద అంది.

ఏ ఊరో చెప్పను. దస్తావేజు లేఖరి మా ఇద్దరినీ చూసి, ‘మగవాళ్ళెవరూ రాలేదామ్మా?’ అన్నాడు. ‘నేను చచ్చిపోవడానికి మగవాళ్ళెందుకయ్యా?’ అంది అత్త. తన దగ్గర ఇరవై ఏళ్ళుగా ఉండి, చేసి పెట్టిన ఆమె కూతురికి ఇల్లు రాయమంది. అతను కంప్యూటర్‌లో ఉన్న పాత అచ్చు తీసి పేర్లు మార్చి ఇచ్చాడు. అత్త కళ్ళద్దాలు పెట్టుకుని, కోపీలు దిద్దినట్టు ఎర్ర పెన్ను తీసి చదవడం మొదలుపెట్టింది. ‘పుత్రపౌత్ర పారంపర్యంగా’ దగ్గర ఆగింది. ‘ఇదేమిటి? ఆ పిల్లకు కొడుకులే పుడతారని నీకెవరు చెప్పారు?’ అని కొట్టేసింది. మాటలు ఎలా ఉండాలో కాగితం మీద తనే రాసిచ్చింది: ‘ఆమె ఇష్టప్రకారం’. లేఖరి ఇంత అనుభవంలో ఎవరూ అలా రాయించలేదన్నాడు, కొంచెం నొచ్చుకుంటూనే. ఆ పిల్ల ఇప్పుడు ఆ ఇంట్లోనే ఉంది.

2025 నవంబరులో 15వ సెక్షన్ రాజ్యాంగబద్ధతను ప్రశ్నించిన పిటిషన్ మీద సుప్రీంకోర్టు ఆ ప్రశ్న తేల్చకుండా, స్త్రీలు, ముఖ్యంగా హిందూ స్త్రీలు, వెంటనే వీలునామాలు రాసుకోవాలని విజ్ఞప్తి చేసింది. సెక్షన్ మార్చవలసిన వాళ్ళు మార్చకుండా, మీ జాగ్రత్త మీరు చూసుకోండి అనడం నాకు నచ్చలేదు. సలహా మాత్రం మా మేనత్త పదహారేళ్ళ ముందే పాటించినదే. తెల్లకాగితం చాలు. స్టాంపు అక్కర్లేదు. ఆమె సంతకం, ఆమె సంతకం చేయడం చూసిన ఇద్దరు సాక్షులు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ, చేయిస్తే మంచిది. దశాబ్దాలుగా కూతుళ్ళను తప్పించడానికి వాడిన కాగితమే ఇది.

రిజిస్టరయిన వీలునామాలు సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుల్లో మూడో నంబరు పుస్తకంలో ఎక్కుతాయి. రాసిన మనిషి బతికుండగా నకలు ఆమెకు తప్ప ఎవరికీ ఇవ్వరు. పోయాక అడిగినవాళ్ళెవరికైనా ఇస్తారు. తెనాలి, బాపట్ల, రేపల్లె ఆఫీసుల్లో ఆ పుస్తకాలున్నాయి. అందులో ఆడవాళ్ళు రాసినవెన్ని, ఎవరికి రాశారు, కూతురికా, చెల్లెలికా, కోడలికా, పనిమనిషికా, గుడికా? ఏ మాటలు కొట్టేయించారు? మన విశ్వవిద్యాలయాల్లో చరిత్ర విభాగాల నుంచి ఇంతవరకూ ఆ పుస్తకాల కోసం ఆ గుమ్మం తొక్కిన అమ్మాయి నాకైతే తారసపడలేదు. ఎవరైనా బయల్దేరితే చెప్పండి, ఆ పాత దస్తావేజుల రాత చదవడం నాకు వచ్చు, తోడు వస్తాను.